డోబ్లిన్ వైద్యుడు కావడానికీ, ఆయన నవలలు అలా ఉండడానికీ ఏమైనా సంబంధం ఉందా?

ప్రశ్న – నల్లకుంట పాఠకురాలు

అందరికీ నమస్కారం. ఈ మధ్య ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల్లో జర్మన్ రచయిత ఆల్ఫ్రెడ్ డోబ్లిన్ నవల ‘బెర్లిన్ అలెగ్జాండర్‌ప్లాట్స్’ దొరికింది. 2018లో వచ్చిన మైకేల్ హాఫ్‌మన్ ఇంగ్లీషు అనువాదం అది. నాకు జర్మన్ రాదు. ఆ నవల 1929లో వచ్చిందనీ, జర్మన్ దర్శకుడు ఫాస్‌బిండర్ దాన్ని 1980లో 14 భాగాల టెలివిజన్ చిత్రంగా తీశాడనీ తప్ప అంతకుముందు నాకు దాని గురించి ఏమీ తెలియదు.

మొదటి వంద పేజీలు చదవడానికి చాలా కష్టపడ్డాను. ప్రియురాలు ఈడా చావుకు కారణమై నాలుగేళ్ళు టేగెల్ జైల్లో ఉన్న ఫ్రాంజ్ బీబర్‌కాఫ్ అనే కూలీ విడుదలై బయటికి వస్తాడు. వచ్చినవాడు వెళ్ళిపోకుండా, జైలు ఎర్ర గోడకు వీపు ఆనించి నిలబడి, ఒకదాని వెనుక ఒకటి వస్తున్న ట్రాములను పోనిస్తూ ఉంటాడు. చివరికి 41వ నంబరు ట్రాము ఎక్కి ఊళ్ళోకి వస్తే, ఇళ్ళ పైకప్పులు జారి కింద పడతాయేమోనని భయపడతాడు. అంతవరకు కథ అందుతూనే ఉంది. ఆ తర్వాత వాతావరణ సూచనలు, ట్రాము స్టేజీల పేర్లు, వ్యాపార ప్రకటనలు, కబేళా లెక్కలు, బైబిలులోని యోబు కథ, ఇవన్నీ ముందు ఒక్క మాటైనా చెప్పకుండా ఫ్రాంజ్ కథ మధ్యలోకి వచ్చి కూర్చుంటాయి. చాలాసార్లు మాట్లాడుతున్నది ఎవరో కూడా తెలియదు. బెర్లిన్‌లోని అలెగ్జాండర్‌ప్లాట్స్ కూడలిలో భూగర్భ రైలు కోసం తవ్వుతూ, ఆవిరి యంత్రంతో దూలాలను నేలలోకి దించే చప్పుడు వచ్చే అధ్యాయం దగ్గర నేను మొదటిసారి ఆగిపోయాను. సుల్తాన్ బజార్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో మా చిన్నమ్మ వాళ్ళ ఇంట్లో కూర్చుంటే, మాట్లాడుకుంటున్న మాటల మధ్యలోకి ఆ చప్పుడు అచ్చంగా అలాగే వచ్చేది. అక్కడి నుంచి నవల నాకు తెరుచుకుంది.

నా సందేహం ఇది. డోబ్లిన్‌ను అందరూ ఎక్స్‌ప్రెషనిస్టు నవలాకారుడని అంటారు. అభివ్యక్తివాదం అంటే రచయిత లోపలి ఆవేదన అదుపు తప్పి బయటికి రావడం అనే నేను ఇంతకాలం అనుకున్నాను. ఈ నవలలో మాత్రం రచయిత ఆవేదన నాకు ఎక్కడా కనిపించలేదు. కనిపించినదల్లా ఎంతో ఓపికగా వింటూ, విన్నది రాసుకుంటూ పోతున్న ఒక మనిషి. ఆయన వృత్తిరీత్యా వైద్యుడని అట్ట మీద రాసి ఉంది. ఈ రెండింటికీ సంబంధం ఉందా? ఈ ఒక్క నవల కాక ఆయనవి చదవదగినవి ఇంకేమైనా ఉన్నాయా? తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరు.

జవాబు 1 – తార్నాకలో జర్మన్ చదివినవాడు

అమ్మా, మీ సందేహం సరైనదే. ‘అభివ్యక్తి’ అనే మాట వల్ల మన దగ్గర ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. బెర్లిన్‌లో 1910 ప్రాంతాల్లో ఆ పేరుతో పిలవబడినవారందరూ ఒకే రకంగా రాయలేదు. కవులలో చాలామంది మీరన్నట్టు ‘నేను’ అని ఎలుగెత్తినవారే. డోబ్లిన్ వారి మధ్యే ఉండి, వారికి భిన్నమైన దారి పట్టాడు.

ముందు ఆయన జీవితం కొంత చెబుతాను. 1878 ఆగస్టు 10న స్టెటిన్‌లో, అంటే నేటి పోలండ్‌లోని ష్చెచిన్‌లో, ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి దర్జీ వృత్తి చేసి ఒక దుకాణం నడిపేవాడు. ఆల్ఫ్రెడ్‌కు పదేళ్ళప్పుడు ఆ తండ్రి తన దుకాణంలో కుట్టుపని చేసే యువతితో అమెరికా వెళ్ళిపోయాడు. తల్లి ఐదుగురు పిల్లలను వెంటబెట్టుకుని, చేతిలో ఏమీ లేకుండా బెర్లిన్ చేరింది. డోబ్లిన్‌కు బెర్లిన్ అంటే మొదట తెలిసినది ఆ పేదరికమే. ఆయన నవలల్లో నగరం ఎప్పుడూ కింది నుంచి, అద్దె గదుల నుంచి, సారా దుకాణాల నుంచి కనిపించడానికి ఇదొక కారణమని నేను నమ్ముతాను.

1910లో హెర్వార్ట్ వాల్డెన్ ‘డేర్ స్టుర్మ్’ అనే పత్రికను ప్రారంభించాడు. ఆ పేరుకు తుఫాను అని అర్థం. జర్మన్ అభివ్యక్తివాదానికి అదే ముఖ్య వేదిక అయింది. డోబ్లిన్ మొదటి నుంచీ అందులో రాశాడు. ఆ పత్రికలోనే వచ్చిన ‘ఒక పసుపు పువ్వు హత్య’ అనే చిన్న కథను మీరు ముందు చదవాలని నా మనవి. ఒక వ్యాపారి అడవి దారిన నడుస్తూ చేతికర్రతో పూల తలలు నరుకుతాడు. ఆ తర్వాత అందులో ఒక పువ్వును తాను హత్య చేశానన్న భావం అతన్ని పట్టుకుంటుంది. దానికి ఎలెన్ అని పేరు పెడతాడు. బాకీ తీర్చడానికి ఆ పేరుతో లెక్క తెరిచి డబ్బు జమ చేస్తాడు. ప్రాయశ్చిత్తంగా అలాంటి మరో మొక్కను తెచ్చి ఇంట్లో పెంచుతాడు. అది పెట్టిన కుండీని ఇంటి పనిమనిషి పగలగొట్టగానే, రుణం తీరిందన్న ఆనందంతో మళ్ళీ అడవిలోకి పరుగెడతాడు. కథ మొత్తంలో ‘అతనికి పిచ్చి పట్టింది’ అనే మాట ఒక్కటి కూడా ఉండదు. అతను చేసినది, చూసినది, విన్నది మాత్రమే ఉంటాయి.

దీనికి సిద్ధాంతం ఆయన 1913లో రాశాడు. యంత్రాలనూ వేగాన్నీ కీర్తించే ఫ్యూచరిజాన్ని ఇటలీ నుంచి మోసుకొచ్చిన మారినెట్టికి బహిరంగ లేఖ రాసి, మీ ఫ్యూచరిజాన్ని మీరు పెంచుకోండి, నా డోబ్లినిజాన్ని నేను పెంచుకుంటాను అని ముగించాడు. అదే సంవత్సరం ‘బెర్లిన్ కార్యక్రమం’ అనే వ్యాసంలో, నవలాకారుడు మనస్తత్వ వివరణలు మానుకోవాలనీ, సినిమాలాగా వేగంగా, రాయిలాగా కఠినంగా రాయాలనీ, మనోవైద్య శాస్త్రం నుంచి నేర్చుకోవాలనీ అన్నాడు. మీ ప్రశ్నకు జవాబు ఆ చివరి మాటలోనే ఉంది. ఎందుకు, ఎలా అనేవాటి మీద మనోవైద్యుడు ఊహలు అల్లడు, జరుగుతున్నదాన్ని నమోదు చేస్తాడు అని ఆయన వాదన. 1917లో ఇంకొక మాట అన్నాడు. నవలను వానపామును కోసినట్టు పది ముక్కలు చేస్తే ఒక్కొక్క ముక్కా తనంతట తాను కదలాలి, అలా కదలకపోతే అది నవల కాదు అన్నాడు. కబేళా అధ్యాయాన్ని విడిగా తీసి చదవండి, ఆయన ఏం చెప్పాడో తెలుస్తుంది.

‘అలెగ్జాండర్‌ప్లాట్స్’ను ఐరిష్ నవలాకారుడు జాయ్స్‌ను చూసి రాశాడని చాలామంది అంటారు. ‘యులిసిస్’ జర్మన్ అనువాదం 1927లో వచ్చింది. డోబ్లిన్ దాన్ని చదివాడు, మెచ్చుకుంటూ సమీక్ష కూడా రాశాడు, దాని ప్రభావం ఆయన మీద కొంత ఉంది కూడా. అయినా పద్ధతికి పునాది మాత్రం 1913 నాటిదే. చైతన్య స్రవంతి అనగానే మనకు ఒకే మనిషి తల లోపల జరిగే ప్రవాహం గుర్తొస్తుంది. ఇక్కడ ప్రవహిస్తున్నది నగరం, మనిషి అందులో కొట్టుకుపోతుంటాడు. వ్రాతప్రతిలో ఆయన పత్రికల నుంచి కత్తిరించిన ముక్కలను నేరుగా అతికించాడు.

ఇక మిగతా నవలలు. 18వ శతాబ్దపు చైనాలో ఆయుధం పట్టబోమని ఒట్టుపెట్టుకున్న ఒక పేదల సంఘాన్ని చక్రవర్తి సైన్యం నలిపేసిన కథ ‘వాంగ్ లున్ మూడు గెంతులు’. బలప్రయోగం చేయకుండా బతకడం సాధ్యమా అన్న ప్రశ్నను అంత నిజాయితీగా ఎదుర్కొన్న నవలలు నేను చాలా తక్కువ చదివాను. 1916లో దానికి ఫాంటానె బహుమతి వచ్చింది. 1920లో వచ్చిన ‘వాలెన్‌స్టైన్’ 17వ శతాబ్దంలో యూరప్‌లో జరిగిన ముప్పై ఏళ్ళ యుద్ధం గురించినది. 1924లో వచ్చిన ‘పర్వతాలు, సముద్రాలు, మహాకాయులు’లో భవిష్యత్తు మానవులు ఐస్‌లాండ్ అగ్నిపర్వతాల వేడితో గ్రీన్‌లాండ్ మంచును కరిగిస్తారు. ఈ చివరిదాన్ని పూర్తి చేయడానికి నాకు మూడు ప్రయత్నాలు పట్టింది.

జవాబు 2 – విశ్రాంత మనోవైద్యుడు, ఎర్రగడ్డ

పై జవాబుకు వైద్యుడిగా కొంత చేర్చదలచాను. డోబ్లిన్ 1905లో ఫ్రైబుర్గ్‌లో పట్టా పొందిన సిద్ధాంత వ్యాసం కోర్సకాఫ్ వ్యాధిలో జ్ఞాపకశక్తి లోపాల గురించినది. ఎక్కువగా ఏళ్ళ తరబడి తాగినవారికి, విటమిన్ బి1 లోపం వల్ల వచ్చే జబ్బు అది. ఆ రోగి నిన్న జరిగినదాన్ని గుర్తుపెట్టుకోలేడు. అయితే ఆ ఖాళీని ఖాళీగా వదిలేయడు, జరగని సంగతులను జరిగినట్టే, పూర్తి నమ్మకంతో చెబుతాడు. మంచం మీద కదలలేని మనిషి పొద్దున బజారుకు వెళ్ళొచ్చానని చెప్పడం నేనెన్నోసార్లు విన్నాను. అతను అబద్ధం ఆడడం లేదు. కథ కట్టకుండా మనసు ఉండలేదని అక్కడ కళ్ళారా కనిపిస్తుంది. నవలాకారుడు కాబోయే 26 ఏళ్ళ యువకుడు ఆ వార్డులో కూర్చుని అటువంటి మాటలను ఉన్నదున్నట్టు రాసుకున్నాడంటే, వివరణను నమ్మకుండా మాటను నమ్మడం ఆయన అక్కడే నేర్చుకుని ఉంటాడని నాకు అనిపిస్తుంది.

తర్వాత రేగెన్స్‌బుర్గ్‌లోనూ, బెర్లిన్ శివార్లలోని బూఖ్‌లోనూ మానసిక చికిత్సాలయాల్లో పనిచేశాడు. నవల చివర ఫ్రాంజ్‌ను చేర్పించేది ఆ బూఖ్‌లోనే. తిండి మానేసి, మాట మానేసి బిగుసుకుపోయిన ఫ్రాంజ్ మంచం చుట్టూ వైద్యులు చేరి, ఇది మనసుకు తగిలిన దెబ్బా, శరీరంలోని జబ్బా అని వాదించుకునే పేజీలు చదివినప్పుడు నా ఉద్యోగ జీవితంలోని కేస్ కాన్ఫరెన్సులు కళ్ళముందు కదిలాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో లొరేన్ ప్రాంతంలో సైనిక వైద్యుడిగా ఉండి వచ్చాక, బెర్లిన్ తూర్పు భాగంలోని ఫ్రాంక్‌ఫుర్టర్ ఆల్లేలో దవాఖానా పెట్టాడు. వచ్చేవారిలో ఎక్కువమంది ఆరోగ్య బీమా కార్డుతో వచ్చే కార్మికులు. మన ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీ ముందు కూర్చునేవారిని తలచుకుంటే చాలు, ఆయన ఎవరి మాటలు వింటూ గడిపాడో అర్థమవుతుంది. ఫ్రాంజ్ లాంటివారు ఆయనకు ఊహ వల్ల దొరికినవారు కారు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఫ్రాంజ్ ఈడాను కొట్టిన సంగతి చెప్పేటప్పుడు, మీగడ గిలకొట్టే చెక్క వంటసామాను ఆమె పక్కటెముకలకు ఎంత శక్తితో తగిలిందో న్యూటన్ సూత్రాలతో, సమీకరణంతో సహా రాస్తాడు. మొదటిసారి చదివినప్పుడు ఇదేం కాఠిన్యం అనుకున్నాను. మళ్ళీ చదివితే శవపరీక్ష నివేదిక రాసే చేయి గుర్తొచ్చింది. ఆ చేయికి జాలి లేదని అనలేము. ఆ దెబ్బకు కోపం, ప్రేమ, పరువు అంటూ ఎన్ని కారణాలు చెప్పుకున్నా ఎముక విరగడం మాత్రం మారదని ఆ సమీకరణం చెబుతోంది. ఇంట్లో ఆడవాళ్ళను కొట్టడం గురించి ఇంతకంటే సూటిగా ఎవరైనా రాశారా అన్నది నాకు సందేహమే.

జవాబు 3 – వరంగల్ నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడినవాడు

పెద్దలిద్దరితో నేను కొంతవరకే ఏకీభవిస్తాను. రచయిత పూర్తిగా పక్కకు తప్పుకుని నమోదు మాత్రమే చేశాడన్నది 1913 నాటి కథలకు సరిపోతుంది. ‘అలెగ్జాండర్‌ప్లాట్స్’కు సరిపోదు. తొమ్మిది భాగాల ఆ నవలలో ప్రతి భాగం ముందూ కథకుడు నిలబడి, ఇప్పుడు మన ఫ్రాంజ్‌కు ఏమి జరగబోతోందో చెబుతాడు. ఫ్రాంజ్‌కు మూడు దెబ్బలు తగులుతాయని నవల మొదట్లోనే చెప్పేస్తాడు. నమ్మిన లూడర్స్ మోసం చేస్తాడు. రైన్‌హోల్డ్ నడుస్తున్న కారులోంచి తోసేయడంతో కుడి చేయి పోతుంది. ఆ రైన్‌హోల్డే ఫ్రాంజ్ ప్రియురాలు మీట్సెను హత్య చేస్తాడు. వినేవారికి కథ ముందే తెలుసు, అయినా ఎలా జరిగిందో వినడానికి తెల్లవార్లూ కూర్చుంటారు. మా ఊళ్ళో ఒగ్గు కథ వింటూ పెరిగిన నాకు ఈ పద్ధతి కొత్తగా అనిపించలేదు. డోలు ఆపి, జనం వైపు తిరిగి, చూసిన్రా వీని అహంకారం అని కథకుడు అడిగే చోటు ఉంటుందే, డోబ్లిన్ కథకుడు సరిగ్గా అక్కడే నిలబడి ఉంటాడు. ఆయన స్వయంగా 1913 నాటి మాటను దాటి వచ్చాడు, అదే నవలకు ప్రాణం పోసింది. ఫ్రాంజ్ మీద కథకుడికి కోపం ఉంది, ప్రేమ ఉంది. అవి లేకపోతే కబేళాలో దూడ వధను చదివి మనం కంటతడి పెట్టేవాళ్ళం కాదు.

జవాబు 4 – తార్నాకలో జర్మన్ చదివినవాడు

ఉప్పల్ మిత్రుడి అభ్యంతరాన్ని ఒప్పుకుంటున్నాను. నేను ‘కార్యక్రమం’ దగ్గరే ఆగిపోయాను. ఆ మార్పు ఎక్కడ జరిగిందో చెబితే తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలుగుతుంది. 1927లో డోబ్లిన్ ‘మానస్’ అనే కావ్యం ప్రచురించాడు. కథ జరిగేది మన దేశంలో. యుద్ధం గెలిచి ఉదయపురానికి తిరిగి వచ్చిన రాజకుమారుడు మానస్ విజయోత్సవాన్ని భరించలేకపోతాడు. చచ్చినవారి బాధ తెలుసుకోవాలని హిమాలయాల్లో శివుడి ఆధీనంలో ఉన్న ప్రేతభూమికి వెళ్తాడు, అక్కడ నలిగిపోతాడు. భార్య సావిత్రి అతన్ని వెతుక్కుంటూ బయలుదేరుతుంది, ఆమె ప్రేమ వల్ల అతను మళ్ళీ ప్రాణం పోసుకుంటాడు. సావిత్రి పేరు వినగానే మనకు సత్యవంతుడు గుర్తొస్తాడు గానీ, నాకు అంతకంటే కురుక్షేత్రం తర్వాత రాజ్యం వద్దని కూర్చున్న ధర్మరాజే ఎక్కువగా గుర్తొచ్చాడు. డోబ్లిన్ మన దేశం ఎన్నడూ చూడలేదు, చదివిన పుస్తకాల నుంచే కట్టాడు. ఆస్ట్రియా నవలాకారుడు రాబర్ట్ మూసిల్ మెచ్చుకున్నా ఆ పుస్తకం అమ్ముడుపోలేదు.

అహంకారంతో లేచిన మనిషి విరిగి, మరణం ముఖం చూసి, వేరే మనిషిగా తిరిగిరావడం అనే అదే నడకను ఆయన రెండేళ్ళకు బెర్లిన్ వీధుల్లోకి తెచ్చాడు. ఉదయపురం అలెగ్జాండర్‌ప్లాట్స్ అయింది, ప్రేతభూమి బూఖ్ ఆస్పత్రి అయింది. అక్కడ మరణం స్వయంగా వచ్చి పాడుతుంది. బయటికొచ్చిన ఫ్రాంజ్ ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సహాయ కాపలాదారుగా చేరతాడు.

జవాబు 5 – గణితం బోధించేవాడు, గచ్చిబౌలి

డోబ్లిన్ పేరు నాకు సాహిత్యం వల్ల తెలియదు, ఆయన కొడుకు వల్ల తెలుసు. ఆ కథ ఇక్కడ చెప్పకపోతే ఆయన జీవితం సగమే చెప్పినట్టని రాస్తున్నాను.

పార్లమెంటు భవనం తగలబడిన మర్నాడు, 1933 ఫిబ్రవరి 28న, డోబ్లిన్ బెర్లిన్ వదిలి స్విట్జర్లాండ్ వెళ్ళిపోయాడు. ఆ మే నెలలో నాజీలు తగలబెట్టిన పుస్తకాల్లో ఆయనవి కూడా ఉన్నాయి. కుటుంబం పారిస్ చేరింది, 1936లో ఫ్రెంచి పౌరసత్వం పొందింది. రెండో కొడుకు వోల్ఫ్‌గాంగ్ అక్కడ సంభావ్యతా శాస్త్రంలో 1938లో డాక్టరేట్ తీసుకుని, యుద్ధం రాగానే ఫ్రెంచి సైన్యంలో మామూలు సిపాయిగా ఉన్నాడు. శిబిరంలో రాత్రిపూట ఒక స్కూలు నోటుపుస్తకంలో యాదృచ్ఛికంగా సాగే చలనాలను వర్ణించే కోల్మగోరోవ్ సమీకరణం మీద పరిశోధన రాసి, 1940 ఫిబ్రవరిలో సీలు వేసిన కవరులో పారిస్‌లోని సైన్సు అకాడమీకి పంపాడు. ఆ జూన్ 21న, జర్మన్ సైన్యం దగ్గరికి వచ్చేసిన సమయంలో, వోజ్ కొండల్లోని ఊస్రా గ్రామంలో కాగితాలు తగలబెట్టి తనను తాను కాల్చుకున్నాడు. అప్పటికి వయసు 25. ఆ కవరును 2000 మే నెలలో తెరిచారు. జపాను గణితవేత్త ఇటో పేరుతో ఈనాడు మేము క్లాసులో చెప్పే సిద్ధాంతానికి దగ్గరి ఫలితాలు అందులో కనిపించాయి.

అదే జూన్‌లో తండ్రి భార్యాబిడ్డల ఆచూకీ తెలియక ఫ్రాన్సులో రైళ్ళ వెంట తిరుగుతున్నాడు. మాండ్ పట్టణంలోని చర్చిలో గడిపిన గంటలు ఆయనను క్రైస్తవం వైపు తిప్పాయి. అమెరికా చేరి, హాలీవుడ్‌లో ఒక ఏడాది సినిమా కథల ఉద్యోగం చేసి, 1941లో కాథలిక్కుగా బాప్తిస్మం తీసుకున్నాడు. 1943లో తన 65వ పుట్టినరోజు సభలో తన విశ్వాసం గురించి మాట్లాడితే నాటకకర్త బ్రెక్ట్ వంటి మిత్రులు బాధపడ్డారు. కొడుకు చనిపోయిన సంగతి తల్లిదండ్రులకు 1945లో గానీ తెలియలేదు. ఆ ఏడాదే ఫ్రెంచి అధికారిగా జర్మనీ తిరిగి వచ్చినా ఆయనకు పాఠకులు మిగల్లేదు. ‘హామ్లెట్’ అనే చివరి నవలకు చాలాకాలం ప్రచురణకర్త దొరకలేదు, అది 1956లో తూర్పు బెర్లిన్‌లో మొదట అచ్చయింది. యుద్ధం నుంచి విరిగి తిరిగొచ్చిన కొడుకు ఇంట్లో అందరినీ నిజం చెప్పమని నిలదీసే కథ అది. 1957 జూన్ 26న డోబ్లిన్ మరణించాడు. అదే సెప్టెంబరులో భార్య ఎర్నా పారిస్‌లో ప్రాణం తీసుకుంది. ముగ్గురి సమాధులూ ఊస్రాలో పక్కపక్కనే ఉన్నాయి.

ప్రశ్న అడిగిన నల్లకుంట పాఠకురాలు

ఇంత ఓపికగా రాసిన అందరికీ నమస్కారాలు. గచ్చిబౌలి వారి జవాబు చదివిన రోజు నేను ఇంకే పనీ చేయలేకపోయాను. పువ్వు కథ సంపాదించి చదివాను. ఉప్పల్ వారి మాటతో కబేళా అధ్యాయం మళ్ళీ చదివితే, అంకెల మధ్య కథకుడి గొంతు ఎక్కడ వణుకుతోందో ఈసారి తెలిసింది.

ఇంకొక సంగతి అడగాలి. నవల మొదటి పేజీని తెలుగులో రాసి చూశాను. బెర్లిన్ కూలీల యాసకు శిష్ట తెలుగు పనికిరాదని మొదటి వాక్యంలోనే తేలిపోయింది. 1931లో యూజీన్ జోలాస్ దాన్ని అమెరికా వాడుక ఇంగ్లీషులోకి తెచ్చాడని ముందుమాటలో చదివి, ధైర్యం తెచ్చుకుని, ఉర్దూ కలిసిన మన హైదరాబాద్ తెలుగులో ఫ్రాంజ్ చేత మాట్లాడించాను. అతను గోడ దగ్గర నిలబడ్డప్పుడు, జైలు నుంచి విడుదలైన ఆ క్షణంలోనే, శిక్ష మొదలవుతోందని ఒక చిన్న వాక్యం ఉంది కదా. దాన్ని ‘గిప్పుడు షురూ అయింది శిక్ష’ అని రాశాను. అది ఫ్రాంజ్ మాటా, కథకుడి మాటా అన్నది ఇంగ్లీషులో నాకు తేలలేదు.

తార్నాకలో జర్మన్ చదివినవాడు

మూలంలో ఆ వాక్యానికి యాస లేదమ్మా. కర్తా క్రియా, అంతే. అది కథకుడిది. ‘శిక్ష మొదలవుతోంది’ అని ఉంచి, ఆ ముందరి వాక్యాల్లో ఫ్రాంజ్‌ను మీ హైదరాబాద్ తెలుగులోనే మాట్లాడనివ్వండి. రాసినంతవరకు ఇక్కడ పెట్టండి, మూలం పక్కన పెట్టుకుని చూస్తాను.